నిలువు చెరువు

సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకి పంపన వరహాలమ్మ ఇంటి పడమటి గోడ చెరువైపోయింది.

పదకొండు గంటలప్పుడు అది మామూలు గోడే. తొమ్మిదంగుళాల ఇటుక గోడ. డెబ్బై ఎనిమిదిలో వాళ్ల మామగారు దగ్గరుండి కట్టించింది. దాన్ని ఆనుకుని అప్పడాల గది ఉంది. వరహాలమ్మా, మరో ఏడుగురు ఆడవాళ్లూ ఆ గదిలో పీటలు వేసుకుని కూర్చుని పొద్దస్తమానం అప్పడాలు ఒత్తుతారు. రోకలితో దంచిన మినప్పిండిని తాడులా సాగదీసి, కాలి బొటనవేలికి దారం చుట్టి టకటకా ఉండలు కోస్తుంటే చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. మొగలితిప్పలో పెళ్లి జరిగిందంటే విస్తట్లో వరహాలమ్మ అప్పడం ఉండాల్సిందే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, గోడకి అవతల ఉన్న ఖాళీ స్థలంలో పురపాలక సంఘం వాళ్లు నడక పార్కు కట్టారు. పార్కు రోడ్డు కన్నా ఎత్తులో ఉంటే హుందాగా ఉంటుందని ఎవరికో తోచింది. లారీలతో మట్టి తోలారు. మట్టి జారకుండా అడ్డుగోడ కట్టాలి కదా అని ఒక గుమాస్తా అడిగాడు. వరహాలమ్మ గోడ కట్టే ఉంది కదా అని ఇంకో గుమాస్తా అన్నాడు. అంతే, నాలుగడుగుల మట్టి తెచ్చి ఆ గోడకి ఆనించేశారు. మట్టి మీద గడ్డి నాటారు. గడ్డికి పొద్దునా సాయంత్రం గొట్టంతో నీళ్లు పెట్టారు. గడ్డి తాగగా మిగిలింది గోడ తాగింది.

మొదట గోడ మూల ఒక మచ్చ పడింది. దసరా నాటికి మోకాలెత్తు చెమ్మ. శివరాత్రి నాటికి ఛాతీ ఎత్తు. సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఒత్తిన అప్పడాలు గదిలో పెడితే పొద్దునకల్లా మెత్తబడి, మూడో రోజుకి పచ్చగా బూజు పట్టేవి. ఊళ్లో కుళాయిలు ఎండిపోయాయిగానీ ఆ గోడ మాత్రం ఎండలేదు.

తాపీమేస్త్రి కొండయ్య వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టి, తీసి, లుంగీకి తుడుచుకున్నాడు.

"ఇందులో విద్దె ఏముందమ్మా? అవతల మట్టి మూరెడు ఎడంగా లాగేసి, పునాది దాకా కాలవ తవ్వేయండి. గోడకి గాలి తగిలిందంటే నెల తిరక్కుండా ఆరిపోద్ది. ఒక పార, ఒక గంప, ఒక్క రోజు పని."

పారా గంపా వరహాలమ్మ ఇంట్లోనే ఉన్నాయి. మట్టి మాత్రం ప్రభుత్వానిది. అందుకని అర్జీ రాయించుకుని సోమవారం పొద్దున్నే బయల్దేరింది. వైశాఖంలో పెళ్లిళ్లు. కల్యాణ మండపాల వాళ్లు ఇరవై వేల అప్పడాలు చెప్పారు. ఆ నెల చవితి నాటికి అందకపోతే పక్క ఊరి మిషను అప్పడాల వాడు కాచుకుని కూర్చున్నాడు. ఒకసారి వాడి చేతికి పోయిన బేరం తిరిగి రాదు. ఏడుగురు ఆడవాళ్ల పొయ్యిలు ఆ బేరం మీద వెలుగుతున్నాయి.

పార్కుకి ఆ చివర పురపాలక సంఘ కార్యాలయం. కమిషనర్ విద్యాధరరావు పెద్ద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కారణం బల్ల మీదే ఉంది. పై నుంచి 'జలదర్శనం' అనే కార్యక్రమం దిగింది. ప్రతి పట్టణమూ నెలాఖరులోగా కొత్తగా మూడు జల వనరులు కనిపెట్టి, కంప్యూటర్‌లో నమోదు చెయ్యాలి. కనిపెట్టని కమిషనర్లని ఎండలు బాగా కాసే జిల్లాలకి పంపుతారు. మొగలితిప్పలో ఉన్న చెరువులన్నీ ఎప్పుడో పూడ్చేసి దుకాణాలు కట్టేశారు. విద్యాధరరావు ఎలాగో రెండు కనిపెట్టాడు. ఒకటి బస్టాండు వెనక పగిలిన గొట్టం. రెండోది సెల్ టవర్ కోసం తవ్వి వదిలేసిన గొయ్యి. మూడోదానికి ఊరంతా గాలించినా దొరకలేదు.

వరహాలమ్మ చెబుతోంది. ఆయన వినడంలేదు. ఆయన వెనక గోడకి ఒక పెద్ద క్యాలెండర్ వేలాడుతోంది. దాని అడుగు అంచు వంకర్లు తిరిగి నల్లబడి ఉంది. అటెండర్ మూర్తి స్టూలెక్కి దాన్ని ఇంకాస్త కిందికి దించి మేకు కొడుతున్నాడు. వరహాలమ్మ అది చూసిందిగానీ, తన గొడవలో తానుండి పట్టించుకోలేదు.

"...ఆరు నెలలైందండి బాబూ. ఎండలు మండిపోతున్నాయా, గోడ మాత్రం ఆరదండి."

కమిషనర్ చేతిలో పెన్ను ఆగింది.

"ఎన్నాళ్లన్నావు?"

"ఆరు నెలలండి."

"వేసవిలో కూడా ఆరదా?"

"ఆయ్. చెయ్యి పెడితే చల్లగా చెరువులో పెట్టినట్టే ఉంటాదండి."

ఆ మాట అని ఉండకూడదని తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

కమిషనర్ జలదర్శనం ఫారం తీశాడు. నిజానికి మొదట ఆ ఫారంలో 'ఆరు నెలలకు తక్కువ కాకుండా నీరు' అనే ఉండేది. ఏ పట్టణమూ వట్టి చేతులతో రాకూడదన్న దయతో పై ఆఫీసులో ఎవరో 'లేదా తేమ' అని చేర్చారు.

"పొడవెంత ఉంటుందమ్మా?"

"పద్దెనిమిది అడుగులండి."

ఫారంలో కనీస పొడవు పదిహేను. విద్యాధరరావు లేచి నిలబడ్డాడు. వరహాలమ్మకి కుర్చీ వేయించాడు. మజ్జిగ తెప్పించాడు. గోడ మీద చెమ్మ గురించి చెప్పుకోవడానికి వచ్చినవాళ్లని ఇంత మర్యాదగా చూస్తారా అని ఆవిడ కళ్లు చెమర్చాయి. అప్పటికి గడియారంలో పదకొండు గంటల పది నిమిషాలైంది.

మర్నాడే అసిస్టెంట్ ఇంజినీరు త్రినాథ్ టేపూ సుద్దముక్కా పట్టుకుని దిగాడు. గోడ మీద చెమ్మ ఎక్కిన చోటల్లా సుద్దతో గీత గీశాడు.

"పూర్తి నీటిమట్టం నాలుగడుగుల ఆరంగుళాలు. లోతు... గోడ మందం ఎంతమ్మా?"

"తొమ్మిదంగుళాలండి. లోతెందుకండీ?"

"చెరువన్నాక లోతు ఉండాలి కదమ్మా."

"చెరువేంటి బాబూ, గోడండి ఇది!"

"నిలువు చెరువమ్మా. చెరువు పడుకునే ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు." త్రినాథ్ తల ఎత్తకుండా రాసుకున్నాడు. "మీరు ఏ గట్టున నివాసం?"

ఒత్తుతున్న అప్పడాల కర్రలన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ గదిలో నోరు పెద్దది కాసులమ్మది. "ఒరే నాయనా, మేం గట్టున లేం. మునిగిపోయే ఉన్నాం. రాసుకో!" అంది.

త్రినాథ్ రాసుకున్నాడు.

"అది కాదు బాబూ," అంది వరహాలమ్మ, "అవతల మట్టి మూరెడు లాగేసుకోమని ఒక్క ముక్క రాసిచ్చేయండి. మేమే తవ్వుకుంటాం."

ఇంజినీరు ఉలిక్కిపడ్డాడు. "ఆ మట్టి ముట్టుకున్నారు గనక! నిన్నటిదాకా అది మట్టి. ఇవాళ్టి నుంచి చెరువు గట్టు. గట్టుకి గండి కొడితే నాన్‌బెయిలబుల్ కేసు."

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. ఇరవై ఆరేళ్ల సర్వీసులో విద్యాధరరావు ఏ పనీ అంత వేగంగా చెయ్యలేదు.

బుధవారం ఇద్దరు మనుషులు వచ్చి అప్పడాల గదిలో గోడకి బోర్డు బిగించారు. 'జల వనరు నం. 3. లోతు ప్రమాదకరం. ఈత నిషేధం. బట్టలు ఉతకరాదు. పశువులను కడగరాదు.'

గురువారం చేపల శాఖ నుంచి ఒకాయన ప్లాస్టిక్ సంచిలో రెండు వందల చేపపిల్లలతో వచ్చాడు. ఎక్కడ వదలాలని అడిగాడు. కాసులమ్మ గోడ చూపించింది. ఆయన గోడ వంకా సంచి వంకా మార్చి మార్చి చూసి, "నా పని చెరువు దాకా తేవడం. వదిలించుకోవడం లబ్ధిదారుల బాధ్యత" అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. వరహాలమ్మ పిండి కడిగే గంగాళం నిండా నీళ్లు పోసి వాటిని అందులో వేసింది. ప్రాణమున్న జీవాలు, ప్రభుత్వం చేసిన తప్పుకి అవేం చేస్తాయి?

శుక్రవారం గజ ఈతగాడు వచ్చాడు. పేరు బలుసు సింహాద్రి. యాభై దాటిన మనిషి. వంతెన రాకముందు రేవులో పడవ నడిపేవాడు. వంతెన వచ్చాక పడవని పొయ్యిలోకి అమ్మేసుకుని ఏదో ఒక ఉద్యోగం కోసం నాలుగేళ్లు తిరిగాడు. మెడలో ఈల, భుజాన గాలి నింపిన ట్యూబూ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"చెరువెక్కడమ్మా?"

"నీ ఎదురుగా ఉందన్నయ్యా. చూసుకుని అడుగెయ్యి, జారతావు," అంది కాసులమ్మ.

సింహాద్రి గోడని చాలాసేపు చూశాడు. జేబులోంచి కమిషనర్ సంతకం పెట్టిన ఉద్యోగపు కాగితం తీసి, పక్కనే ఉన్న అమ్మాయి చేత చదివించుకున్నాడు. నమోదైన లేదా నమోదు కాదగిన ఏ జల వనరుకైనా తొమ్మిది మీటర్ల లోపు మనిషి కనిపిస్తే ఈల వెయ్యాలి. పిలిస్తే రాకపోతే లాగి ఒడ్డున పడెయ్యాలి. పని వేళలు తొమ్మిది నుంచి అయిదు.

"నలభై ఏళ్లు గోదారి మీద ఉన్నాను," అన్నాడు నెమ్మదిగా. "ఇంత నెమ్మదైన నీళ్లు ఎప్పుడూ చూళ్లేదు."

ఆ రోజంతా ఈల వేశాడు. గదిలో ఎవరు ఎక్కడ కూర్చున్నా తొమ్మిది మీటర్ల లోపే. గది వెడల్పు మొత్తం నాలుగు మీటర్లే. కాసులమ్మ నడుం వాల్చుదామని గోడకి చేరబడితే ఈల. చేపలకి బొరుగులు వేద్దామని లేస్తే ఈల. సాయంత్రానికి ఆయాసం వచ్చి ఈల జేబులో పెట్టేశాడు. శనివారం నాటికి పీట లాక్కుని తనూ అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టాడు. తెడ్డు పట్టిన చెయ్యి కదా, అంచులు గుండ్రంగా వచ్చేవి.

నవ్వుకోవడం ఆదివారంతో అయిపోయింది. సోమవారం తాఖీదు వచ్చింది.

'సదరు జల వనరు నం. 3 యొక్క పూర్తి నీటిమట్టము నుండి తొమ్మిది మీటర్ల పరిధిలో పంపన వరహాలమ్మ అనునామె అప్పడముల గది అను అక్రమ కట్టడమును నిర్మించి, చెరువును ఆక్రమించినట్లు పరిశీలనలో తేలినది. ఏడు రోజుల్లోగా ఖాళీ చేయనియెడల తొలగించబడును.'

వరహాలమ్మ ఆ కాగితం పట్టుకుని పార్కుకి అడ్డంపడి పరుగెత్తింది.

"బాబూ, ఇల్లు ముందండి. చెరువు వచ్చింది కిందటి సోమవారం. మీరే తెచ్చారు!"

కమిషనర్ జాలిగా చూశాడు. "ప్రతి ఆక్రమణదారూ ఇదే మాట అంటారమ్మా. ఇల్లు ముందా చెరువు ముందా అన్నది ప్రశ్న కాదు. జలం జాతి సంపద."

"గది కూలిస్తే గోడ ఉంటాదేంటండి? గోడ లేకపోతే మీ చెరువుంటాదా?"

"గోడ జోలికి వెళ్లం. గోడంటే చెరువే కదా. చెరువుని కూలుస్తామా? మిగతా మూడు గోడలూ, కప్పూ తీస్తాం."

"మరి అటువైపు తొమ్మిది మీటర్లలో మీ నడకదారి ఉందండి. అదో?"

"అది సుందరీకరణ." విద్యాధరరావు నోట ఆ మాట పాయసంలా జారింది. "ఆదివారం ప్రత్యేకాధికారిణి హేమనళిని గారు మూడో వనరుని స్వయంగా పరిశీలిస్తున్నారు. ఆ మర్నాడు యంత్రం వస్తుంది. ఈలోగా గోడకి బొట్టు పెట్టి ఉంచండమ్మా. హారతి ఇస్తారు."

వరహాలమ్మ కళ్లు కమిషనర్ తల మీదుగా వెనక గోడకి అతుక్కున్నాయి. అటెండర్ మూర్తి మళ్లీ స్టూలెక్కాడు. ఈసారి క్యాలెండర్ పూర్తిగా తీసి, పాత మేకు పీకి కొత్త మేకు కొడుతున్నాడు. దాని వెనక గోడ బట్టబయలైంది. నల్లటి చెమ్మ. పెచ్చులు లేచిన సున్నం. కుర్చీ వీపు దాటి, కమిషనర్ నెత్తి దాటి పైకి పాకింది. తన గోడ మీది గీత కన్నా అడుగు ఎత్తు ఎక్కువే. గోడలు చూసి చూసి ఆరు నెలల్లో ఆవిడకి లెక్క కుదిరింది.

ఆవిడ నమస్కారం పెట్టి వచ్చేసింది.

గదిలో చెబితే కాసులమ్మ ముక్కున వేలేసుకుంది. సింహాద్రి మాత్రం అప్పడాల కర్ర ఆపాడు.

"చెమ్మ ఎక్కదా మరి! ఆ ఆఫీసు ఎక్కడుందనుకున్నారు? అది చింతల చెరువు. నేను ఈత నేర్చుకుంది అందులోనే. రాత్రికి రాత్రి పూడ్చేసి పునాదులేశారు. పూడిస్తే మాత్రం చెరువు ఎక్కడికి పోద్ది? కింద అలాగే ఉంటాది."

గంగాళంలో ఒక చేపపిల్ల ఎగిరి పడింది.

"అన్నయ్యా," అంది వరహాలమ్మ, "నీ కాగితంలో 'నమోదు కాదగిన' అని ఒక మాటుంది కదూ? ఇంకోసారి చదివించు."

ఆదివారం పొద్దున్న వరహాలమ్మ ఇంటి ముందు షామియానా వేశారు. మైకులో జలగీతాలు పెట్టారు. హేమనళిని కారు దిగింది. నలభై అయిదేళ్ల మనిషి, ఎండకి వాడిన ముఖం. నెల రోజులుగా జిల్లా అంతా తిరిగి డ్రమ్ములూ, గోతులూ, ఒక పట్టణంలో అయితే అద్దె ఈతకొలనూ చెరువులుగా పరిశీలించి వచ్చింది. ఇంక దేనికీ ఆశ్చర్యపడే ఓపిక లేదు.

గోడకి హారతి ఇచ్చింది. అరచెయ్యి పెట్టి చూసింది. తడి చేతిని రుమాలుతో తుడుచుకుంది.

"తేమ ఉంది. పొడవుంది. చేపలు?"

కమిషనర్ గంగాళం చూపించాడు.

"ఆవాసం మార్చారన్నమాట. సరే. ఇక్కడ 'నీటి మూలం' అన్న గడి ఖాళీగా ఉందేం?"

త్రినాథ్ అందుకున్నాడు. "సహజమైన ఊట మేడమ్."

"ఊట కాదండి," అని వరహాలమ్మ చేతులు జోడించి ముందుకొచ్చింది. "మాది పిల్ల చెరువండి. దీని తల్లి చెరువు వేరే ఉందండి. దీనికన్నా పెద్దది. కమిషనర్ బాబుగారు మొహమాటపడి చెప్పలేదుగానీ, చూపిస్తాను రండి."

"తల్లి చెరువా?" హేమనళిని పెన్ను తీసింది. "ఎంత దూరం?"

"పార్కు దాటితే వచ్చేత్తాదండి."

విద్యాధరరావు ముఖంలో మొదట సంతోషం కనిపించింది. నాలుగో వనరు! పట్టణానికి మూడంటే తాను నాలుగు! జట్టుకి దారి చూపిస్తూ ఆయనే ముందు నడిచాడు. నడకదారి సగం దాటాక, వరహాలమ్మ వెనక నుంచి చూపిస్తున్న మలుపు చూశాక, ఆయనకి కొంచెం కొంచెంగా తెలివొచ్చింది. ఒక్క ఉదుటున పరుగెత్తి కార్యాలయంలో దూరి, తన కుర్చీలో కూర్చుని, వెనక క్యాలెండర్‌ని వీపుతో నొక్కిపట్టాడు.

అందరూ గదిలోకి వచ్చారు. సింహాద్రి గుమ్మంలో నిలబడి కుర్చీ నుంచి గోడకి దూరం కంటితోనే కొలిచాడు. తొమ్మిది మీటర్లు లేదు. తొమ్మిది అంగుళాలు ఉంది.

ఈల వేశాడు.

గోదారి మీద పడవ మునిగినప్పుడు వేసే ఈల అది. వసారాలో ఉన్న పావురాలన్నీ లేచిపోయాయి. కమిషనర్ చెవులు మూసుకున్నాడు.

"సింహాద్రీ! ఏమిట్రా ఇది?"

"నీళ్లలో ఉన్నారండి. బయటికి రండి."

"నీకు పిచ్చా?"

"పిలిస్తే రాకపోతే లాగి ఒడ్డున పడెయ్యమని మీరే సంతకం పెట్టారండి. ఆయ్." సింహాద్రి రెండు చేతులూ కుర్చీ చేతుల కింద వేసి, కమిషనర్‌తో సహా ఎత్తి, పడవని ఒడ్డుకి చేర్చినట్టు గది మధ్యలో దించాడు.

క్యాలెండర్ జారి కింద పడింది.

హేమనళిని గోడ ముందుకి వెళ్లింది. అరచెయ్యి పెట్టింది. రుమాలు తీసింది. ఈసారి రుమాలు సరిపోలేదు.

"ఎన్నాళ్ల నుంచి ఉంది ఇది?"

కమిషనర్ నోరు తెరిచేలోగా అటెండర్ మూర్తి భక్తిగా ముందుకొచ్చాడు. పై అధికారి అడిగితే నిజం చెప్పాలని అతనికి చిన్నప్పటి నుంచి అలవాటు.

"నేను చేరినప్పటి నుంచీ అండి. మొదట్లో జేబు క్యాలెండర్ సరిపోయేది."

"వేసవిలో ఆరుతుందా?"

"ఒక్క ఏడూ ఆరలేదండి."

త్రినాథ్ టేపు తీశాడు. అలవాటుగా తీశాడే తప్ప ఆలోచించి తియ్యలేదు. పొడవు ఇరవై రెండు అడుగులు. ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. పక్క గది గోడ కూడా అంతే. ఆ పక్కదీ అంతే.

"అభినందనలు విద్యాధరరావు గారూ," అంది హేమనళిని ఫారం నింపుతూ. "జిల్లాలో ఇంత పెద్దది ఇంకెక్కడా లేదు. జల వనరు నం. 4. తొమ్మిది మీటర్ల పరిధిలో మీ గదీ, పన్నుల విభాగం, జనన మరణాల విభాగం వస్తున్నాయి. ఖాళీ చెయ్యడానికి ఏడు రోజులు చాలా?"

కమిషనర్ గొంతు తడారింది. గదిలో తడారింది అదొక్కటే.

"మేడమ్... అది చెరువు కాదండి. తేమండి."

"ఆవిడ ఇంట్లో ఉన్నదేమిటి?"

"అదీ... అది చెరువండి."

"తేడా ఏమిటి?"

"చూస్తే తెలిసిపోతుంది కదండీ!"

"ఎవరు చూస్తే?" హేమనళిని పెన్ను మూత పెట్టలేదు. "రెండింటికీ ఒకటే ఫారం. ఆరు నెలలు దాటిన తేమ. పదిహేను అడుగులు దాటిన పొడవు. రెండూ చెరువులైనా కావాలి, రెండూ గోడలైనా కావాలి. నాకు ఏదైనా ఒకటే. ఈ నెలలో నేను తొట్లని కూడా చెరువులని రాశాను. మీరే రాసివ్వండి."

విద్యాధరరావు గుమ్మంలో నిలబడ్డ వరహాలమ్మ వంక చూశాడు. ఆవిడ చెంగుతో నుదుటి చెమట తుడుచుకుంది. ఆవిడ వెనక ఏడుగురు ఆడవాళ్లు. కాసులమ్మ చేతిలో అప్పడాల కర్ర అలాగే ఉంది. తొందరలో మరిచిపోయి తెచ్చిందో, కావాలనే తెచ్చిందో కమిషనర్‌కి అర్థంకాలేదు.

ఆయన కాగితం తీసుకున్నాడు. 'సదరు' అని రాసి కొట్టేశాడు. 'పైన పేర్కొన్న' అని రాసి కొట్టేశాడు. చివరికి తన సర్వీసులో మొదటిసారి మామూలు మనిషిలా రాశాడు.

'గోడకి పట్టిన తేమ చెరువు కాదు. పక్కనున్న మట్టి వల్ల గోడకి తేమ పడుతుంది. మట్టి తీస్తే ఆరిపోతుంది.'

"ఈ ముక్కే కొండయ్య మేస్త్రి గోడ మీద చెయ్యి పెట్టగానే చెప్పాడండి," అంది వరహాలమ్మ. "అతనికి చదువు రాదులెండి."

హేమనళిని కాగితం కింద ఇంకో వాక్యం రాయించింది. వరహాలమ్మ గోడకి ఆనుకున్న మట్టిని మూరెడు వెడల్పున పునాది దాకా తీసుకోవచ్చు. అప్పడాల గది తాఖీదు రద్దు. సంతకం, ముద్ర.

మధ్యాహ్నం భోజనాలు కాకముందే తవ్వకం మొదలైంది. సింహాద్రి పార పట్టాడు. ఎనిమిది మంది ఆడవాళ్లు గంపలెత్తారు. కొండయ్య గట్టున కూర్చుని, ఇటు కాదు అటు, అటు కాదు ఇటు అని గోల చేశాడు. పొద్దు వాలేసరికి గోడకీ పార్కుకీ మధ్య మూరెడు సందు పడింది. ఆరు నెలలుగా చీకట్లో నానిన ఇటుకలకి మొదటిసారి ఎండ తగిలింది.

వారానికి సుద్దగీత నుంచి చెమ్మ జానెడు దిగింది. మూడో వారానికి మోకాలి కిందికి వచ్చింది. ఇరవై వేల అప్పడాలూ ఒత్తి, నీడన ఆరబెట్టి, పొడిగా గలగలలాడుతుంటే కట్టలు కట్టి చవితికి ఒక రోజు ముందే అప్పగించారు. మిషను అప్పడాల వాడు రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదట.

చేపపిల్లల్ని సింహాద్రి గంగాళంతో సహా నెత్తిన పెట్టుకుని తీసుకెళ్లి కాలవలో వదిలాడు. తాను పుచ్చుకున్న జీతానికి నీళ్లకి సంబంధించి చేసిన పని అదొక్కటేనని చెప్పుకుంటాడు. ఉద్యోగం మాత్రం పోలేదు. దాన్ని రద్దు చెయ్యడానికి ఫారం లేదు. ఇప్పటికీ తొమ్మిదింటికి వస్తాడు, పీట వేసుకుంటాడు, అయిదింటికి వెళతాడు. ఈత నిషేధం బోర్డు కూడా గోడకే ఉంది. అది పీకితే ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కింద వస్తుంది. కాసులమ్మ దాని మీద జల్లెడ తగిలిస్తుంది.

ఇక జలదర్శనం సంగతి. కంప్యూటర్‌లో ఒకసారి ఎక్కించిన చెరువుని తీసేసే వీలు లేదు. ఆ మీట ఎవరూ పెట్టలేదు. ఉన్నదల్లా 'ప్రస్తుత స్థితి' అన్న ఒక గడి. అందులో మూడు మాటల్లో ఒకటే ఎంచుకోవాలి. కలుషితం, పూడిక, శుభ్రం. త్రినాథ్ ఒక పూటంతా ఆలోచించి, ఆరిన గోడని ఒకసారి తడిమి చూసి, నిజాయితీగా 'శుభ్రం' అని నొక్కాడు. కింద వివరణ గడిలో 'నీరు కూడా కనిపించనంత శుభ్రం' అని రాశాడు.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. రాష్ట్రంలోకెల్లా పరిశుభ్రమైన చెరువుగా మొగలితిప్ప జల వనరు నం. 3కి ప్రథమ బహుమతి. రాజధానిలో సభ జరిగింది. శాలువా కప్పారు. అద్దాల చట్రంలో బిగించిన, నిలువెత్తు ప్రశంసాపత్రం ఇచ్చారు. విద్యాధరరావు దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు.

అటెండర్ మూర్తి స్టూలెక్కి, క్యాలెండర్ తీసేసి, ఆ పత్రాన్ని కమిషనర్ కుర్చీ వెనక గోడకి తగిలించాడు. దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూశాడు.

"బాగా పట్టిందండి. కింద మాత్రం మూడు వేళ్ల మందం చెమ్మ ఇంకా కనిపిస్తోందండి."

కమిషనర్ కూడా వెనక్కి తిరిగి చూశాడు.

"వచ్చే ఏడు," అన్నాడు గంభీరంగా, "ఇంకా పెద్ద బహుమతి కొట్టాలి."